బొమ్మలు వేయడం మొదలుపెట్టేవారికి కొన్ని మెళకువలు

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే భోజనాల హాలు గోడల నిండా డ్రాయింగ్ షీట్లు వెలుస్తాయి. అంబేడ్కర్ గారి బొమ్మ, పూలే దంపతుల బొమ్మలు, రెండు కొండల మధ్య సూర్యుడు, కొబ్బరిచెట్టు పక్కన గుడిసె, ఎగిరే పావురం. బొమ్మలు వేసేవాళ్ళకు మన హాస్టళ్ళలో ఎప్పుడూ కొదవ లేదు. అయితే పదో తరగతి దాటేసరికి వాళ్ళలో ఎక్కువమంది మానేస్తారు. ఎందుకు మానేశావని అడిగితే రెండే జవాబులు వస్తాయి. రంగులు కొనలేం అన్నా అనేది ఒకటి, నేర్పేవాళ్ళు లేరు అనేది రెండోది. ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుని, ఇప్పుడు పిల్లలకు డ్రాయింగ్ చెప్పి బతుకుతున్నవాడిని కాబట్టి, ఆ రెండింటికీ నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముళ్ళూ, మొదట పెన్సిల్ సంగతి. పెన్సిల్ మీద హెచ్, బి అనే అక్షరాలు ఉంటాయి. లోపలి పుల్ల సీసం కాదు, గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చి చేసింది. 1795లో కాంటె అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. మట్టి ఎక్కువైతే పుల్ల గట్టిపడి గీత లేతగా పడుతుంది, అది హెచ్. గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా, నల్లగా పడుతుంది, అది బి. మధ్యది హెచ్.బి. పన్నెండు పెన్సిళ్ళ పెట్టె కొనాల్సిన పని లేదు. ఒక హెచ్.బి., ఒక 2బి, ఒక 6బి ఉంటే రెండేళ్ళు నడుస్తుంది. మెండర్‌తో కాకుండా బ్లేడుతో చెక్కండి, పుల్ల కాస్త పొడుగ్గా బయటికి వస్తుంది. దాన్ని పడుకోబెట్టి గీస్తే వెడల్పాటి నీడ, నిలబెట్టి గీస్తే సన్నగీత వస్తాయి. గీసేటప్పుడు అరచేతి కింద ఒక తెల్లకాగితం పెట్టుకోండి. చెమట చేయి తగిలి పాడైపోయిన బొమ్మలు నేను వందల్లో చూశాను. ఇంకో మాట, నీడ కోసం వేలితో రుద్దకండి. మొదట్లో నున్నగా బాగానే కనిపిస్తుంది, తర్వాత ముఖమంతా మసిబట్టినట్టు తయారవుతుంది. పక్కపక్కనే గీతలు గీసి, వాటి మీద అడ్డగీతలు గీసి నీడ తెప్పించడం అలవాటైతే అది ఇంకు బొమ్మకూ పనికొస్తుంది.

కొలత గురించి కూడా చెప్పాలి. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌ను వస్తువుకు ఎదురుగా పట్టుకుని బొటనవేలితో కొలుచుకోండి. బిందె ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అనేది అలా తెలుస్తుంది. మోచేయి వంచితే కొలత మారిపోతుంది. మనిషి ముఖం వేసేటప్పుడు కొత్తవాళ్ళు దాదాపు అందరూ కళ్ళను పైకి, నుదుటి దగ్గరికి తీసుకుపోతారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా సగంలో ఉంటాయి. నమ్మకం కుదరకపోతే పక్క మంచం వాడి తల కొలిచి చూడండి. నిలబడ్డ పెద్దమనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఏడాది పిల్లవాడైతే నాలుగు తలలే. పసిపిల్లను వేస్తే ముసలమ్మలా వచ్చిందని బాధపడేవాళ్ళు ఈ లెక్క చూసుకుంటే చాలు.

బొగ్గు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలు గీసేది కాల్చిన చింతపుల్లల బొగ్గుతోనే. మీరూ చేసుకోవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెన్సిల్ లావున ఎండిన చింతపుల్లలు ఏరి, బెరడు తీసి, మూతగట్టిగా పట్టే పాత రేకుడబ్బాలో ఖాళీ లేకుండా కుక్కండి. మూతకు మేకుతో చిన్న చిల్లు పెట్టండి. చిల్లు లేకపోతే లోపలి పొగ ఒత్తిడికి మూత ఎగిరిపోతుంది. డబ్బాను పొయ్యిలో నిప్పుల మీద పెట్టి చూస్తూ ఉండండి. చిల్లులోంచి పొగ రావడం పూర్తిగా ఆగిపోతే బొగ్గు తయారైనట్టే. డబ్బా బాగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలన్నీ అంటుకుని బూడిదవుతాయి. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. బొగ్గు బొమ్మ పెద్దదిగా వేయాలి, చేయి భుజం నుంచి కదలాలి. చిన్న కాగితం మీద గోరంత బొమ్మ వేయడానికి అది పనికిరాదు. చెరపడానికి కాస్త రొట్టె ముక్క చాలు. రబ్బరు రాకముందు ఐరోపాలో రొట్టెతోనే చెరిపేవారు. అయితే బొగ్గు రాలిపోతుంది. ఫిక్సెటివ్ అనే ద్రవం చల్లితే నిలుస్తుంది. అది లేనప్పుడు పైన ట్రేసింగ్ కాగితం కప్పి దాచుకోండి.

ఇంకు దగ్గరికి వస్తే, ఫౌంటెన్ పెన్ను సిరాతో వేసిన బొమ్మ వెలుగు తగిలి వెలిసిపోతుంది, నీళ్ళు పడితే కారిపోతుంది. ఇండియన్ ఇంకు నిలుస్తుంది, కానీ దాన్ని మామూలు పెన్నులో పోస్తే గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. వెదురుపుల్లను వాలుగా చెక్కి ముంచి రాసుకోండి. ఆ మాటకొస్తే మామూలు బాల్ పెన్నే గొప్ప గురువు. చెరిపే వీలు లేదు కాబట్టి గీసేముందు చూడడం నేర్పుతుంది. పాత వారపత్రికలు ఎక్కడైనా దొరికితే బాపు గారి బొమ్మలు చూడండి. ఒక గీత ఎక్కడ లావెక్కింది, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ ఆగిపోయింది అని వేలితో వెంబడించి చూస్తే చాలా తెలుస్తుంది.

ఇక రంగులు. నీటిరంగులకూ, పోస్టరు రంగులకూ తేడా తెలియక చాలామంది రెండింటినీ ఒకేలా వాడతారు. నీటిరంగు పారదర్శకం, కింది కాగితం కనిపిస్తుంది. దాంట్లో తెలుపంటే కాగితమే. కాబట్టి తెల్లగా ఉండాల్సిన చోటు ముందే వదిలేసి, లేత రంగుల నుంచి ముదురు రంగులకు రావాలి. ముదురు వేశాక వెనక్కి రాలేం. పలచని డ్రాయింగ్ షీటు తడికి అలలు అలలుగా లేస్తుంది. దాన్ని ముందే తడిపి, అంచుల చుట్టూ జిగురు కాగితంతో అట్టకో చెక్కకో అతికించి ఆరనిస్తే డోలు తోలులా బిగుసుకుంటుంది. అప్పుడు వేయండి. రెండు గ్లాసుల నీళ్ళు పెట్టుకోండి, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. ఒకే గ్లాసు బురదనీళ్ళతో వేసిన ఆకాశం బురదగానే ఉంటుంది. ముప్పై ఏళ్ళు నిండకముందే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు గారి చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. అటువైపు వెళ్ళే అవకాశం వస్తే నీటిరంగుతో ఏం చేయవచ్చో కళ్ళారా చూసి రండి.

పోస్టరు రంగు కిందిదాన్ని కప్పేస్తుంది. ముదురు మీద లేతరంగు వేయవచ్చు కనుక కొత్తవాళ్ళకు ఇదే మేలు. చిక్కటి మజ్జిగలా కలుపుకోండి. పెరుగులా మందంగా పూస్తే ఆరాక బీటలు వారి రాలుతుంది. కింది పొర పూర్తిగా ఆరకుండా పైన రుద్దితే అది లేచి కలిసిపోతుంది. పెట్టెలో ఆరు రంగులున్నా చాలు, కలపడం తెలిస్తే. ఊదారంగు కోసం ఎరుపు, నీలం కలపమని పుస్తకంలో ఉంటుంది. కలిపితే మట్టిరంగు వచ్చిందని పిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్ళు కలిపింది వెర్మిలియన్ ఎరుపు. దాంట్లో పసుపు ఛాయ ఉంటుంది. క్రిమ్సన్ ఎరుపు కలిపి చూడండి, ఊదా వస్తుంది. ప్రతి నీడకూ నలుపు కలపకండి. ఎరుపు నీడకు కాస్త ఆకుపచ్చ, పసుపు నీడకు కాస్త ఊదా కలిపితే నీడ బతికి ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పదలిచాను. కొన్ని రంగుల పెట్టెల్లో లేత గులాబీ రంగు ఒకటి ఉంటుంది. దాన్ని మనం చర్మం రంగు అంటాం, స్కిన్ కలర్ అని పేరు కూడా పెట్టుకున్నాం. ఎవరి చర్మం రంగు అది? హాలులో వరసగా కూర్చున్న మనందరి చేతులు ఒకసారి చూడండి. ఒక్కరిదైనా ఆ రంగులో ఉందా? అయినా అమ్మ బొమ్మ వేయమంటే ఆ గులాబీయే పూస్తాం. అంబేడ్కర్ గారికి నీలం కోటు చక్కగా కుదురుతుంది, ముఖం మాత్రం దొరగారిది అవుతుంది. ఎండలో నాట్లు వేసే అమ్మ ముఖాన్ని మనమే చెరిపేసి, తెల్లముఖం అతికిస్తున్నామన్నమాట. ఇది రంగు లేక కాదు. చిన్నప్పటి నుంచి క్యాలెండర్లలో, సినిమా పోస్టర్లలో తెలుపే అందమని చూపించడం వల్ల.

మన ఛాయ ఇలా కలుపుకోవచ్చు. బర్న్‌ట్ సియెన్నా అనే ఇటుక గోధుమరంగు తీసుకుని, కొంచెం ఎల్లో ఆకర్ కలపండి. ఇది చామనఛాయ. దాంట్లోనే చిటికెడు అల్ట్రామెరైన్ నీలం కలిపితే నలుపు ఛాయ వస్తుంది. నల్లరంగు సీసా ముట్టుకోవద్దు, ముట్టుకుంటే చర్మం బొగ్గులా చచ్చిపోతుంది. నల్లని చర్మం మీద వెలుగు పడ్డ చోట ఉత్త తెలుపు పెట్టకండి. ఆరుబయట నుదుటి మీద, చెక్కిళ్ళ మీద మెరిసేది ఆకాశపు వెలుగు, అందులో కొద్దిగా నీలం ఉంటుంది. నీడలో ఎరుపు ఛాయ ఉంటుంది. మధ్యాహ్నం పూట స్నేహితుణ్ణి వేపచెట్టు కింద కూర్చోబెట్టి చూస్తే ఇదంతా కనిపిస్తుంది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారు బరోడాలో చదువుకుని వచ్చి, తెలంగాణ పల్లె ఆడవాళ్ళను నల్లని ఒంటితో, పెద్ద బొట్టుతో, ముదురు రంగుల చీరలతో వేశారు. ఆ బొమ్మలు ఇవాళ దేశమంతా గుర్తుపడుతుంది. ఆయన కూడా మొదట్లో చాలాకాలం బొగ్గుతో గీసినవారే. సిద్దిపేట కాపు రాజయ్య గారు చేర్యాల నకాషీ పటాల పద్ధతిని తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. ఆ నకాషీవాళ్ళు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి తామే పటం తయారుచేసుకుంటారు. దుకాణంలో కాన్వాసు కొనలేకపోయామని ఆగిపోనవసరం లేదని ఇది రాస్తున్నాను.

గోడ మీద పెద్ద బొమ్మ వేయాలంటే గళ్ళ పద్ధతి మేలు. చిన్న ఫొటో మీద అంగుళం గళ్ళు గీసి, గోడ మీద అడుగు గళ్ళు గీస్తే పన్నెండు రెట్లు పెద్దదవుతుంది. ఒక్కో గడిలో ఏముందో అదే చూసి వేయాలి, ముఖమంతా ఒకేసారి చూస్తే కంగారు పుడుతుంది. తాడుకు నీలం పొడి పట్టించి ఇద్దరు చెరోవైపు బిగించి పట్టుకుని వదిలితే తిన్నని గీత పడుతుంది. మేస్త్రీలు చేసే పనే ఇది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద ప్రష్యన్ నీలం నిలవదు, సున్నం దాన్ని తినేస్తుంది. అల్ట్రామెరైన్ నిలుస్తుంది.

ఆయిల్ రంగుల గురించి తొందరపడకండి. ఖర్చు ఎక్కువ, ఆరడానికి రోజులు పడుతుంది. టర్పెంటైన్ వాసన నిద్రపోయే గదిలో అసలు పనికిరాదు. అక్రిలిక్ నీళ్ళతో కలుస్తుంది కానీ ఆరితే ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. కుంచెను అయిదు నిమిషాలు మరిచిపోయినా అది చీపురుపుల్లే. ఏ రంగైనా సరే, కుంచె మొనను నోట్లో పెట్టి కూచిగా చేసుకునే అలవాటు వెంటనే మానండి. కొన్ని పసుపు, తెలుపు రంగుల్లో సీసం వంటి విషాలు ఉంటాయి. కుంచెలను కడిగి, వేళ్ళతో మొన సరిచేసి, వెంట్రుకలు పైకి ఉండేలా నిలబెట్టండి.

బొమ్మలు అన్నం పెడతాయా అని ఇంట్లో అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. బోర్డులు రాసి కుటుంబాలను పోషించినవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉండేవారు. 2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆ పని చాలామందికి పోయింది. కాబట్టి కుంచె ఒక్కటే నమ్ముకోమని నేను చెప్పను, చదువు మానొద్దు. చదువుతోపాటే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయండి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం వీటిని పెడుతుంది. డ్రాయింగ్ టీచరు అవ్వాలంటే ఇవి తొలిమెట్టు. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ వంటివి చదవవచ్చు. ప్రవేశపరీక్ష ఉంటుంది. అందులో చూసి వేయడం, గుర్తుంచుకుని వేయడం అడుగుతారు. సినిమా హీరో ఫొటో చూసి దింపడం మాత్రమే వచ్చినవాళ్ళు అక్కడ తేలిపోతారు. అందుకే రోజూ పావుగంట, కంచం, గ్లాసు, చెప్పులు, ట్రంకుపెట్టె, ఏది ఎదురుగా ఉంటే అది గీయండి.

వేసిన ప్రతి బొమ్మ మూలలో తేదీ వేయండి. బాగా రాలేదని చించకండి, ఆరునెలల తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి అవి కావాలి. చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే మడతల దగ్గర రంగు రాలుతుంది. రెండు అట్టల మధ్య పరిచి, ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద పెట్టండి. నాలుగు కలరా ఉండలు వేస్తే పురుగు ముట్టదు. వానాకాలం వెళ్ళగానే ఒకరోజు తీసి నీడపట్టున ఆరబెట్టండి, ఎండలో మాత్రం వద్దు.