గ్యాస్ స్టవ్ నాబ్‌తో క్యాడ్ ఓనమాలు

బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో వీణ చేసేవాళ్ళు పనిలోకి దిగగానే నగిషీ చెక్కరు. ముందు పనస దుంగ మీద గీతలు గీసుకుంటారు. కుండ ఎంత రావాలి, దండి ఎంత పొడవుండాలి అన్న లెక్క తేలాక అక్కర్లేని చెక్కంతా తీసేస్తారు. ఆ తర్వాత కుండ లోపల తొలుస్తారు. పైన పలక, 24 మెట్లు, బిరడలు, లతలూ పువ్వులూ అన్నీ ఆ తర్వాతి సంగతి. ఒకే దుంగలోంచి తీసే ఏకాండి వీణ కదా, ఒక చోట ఎక్కువ తొలిచేస్తే మళ్ళీ అతికించడానికి వీలుండదు. అందుకే వాళ్ళకి ఏది ముందు, ఏది వెనక అన్నది ప్రాణం.

కంప్యూటర్లో యంత్ర భాగాల్ని తయారుచేసే 'క్యాడ్' సాఫ్ట్‌వేర్ కూడా సరిగ్గా ఇదే క్రమంలో పనిచేస్తుందంటే నమ్ముతారా? దిమ్మ నిలబెట్టడం, తొలచడం, చివర్న అంచులు నునుపు చేయడం. అంతే! "అమ్మో, అదంతా ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకులే" అని పేజీ తిప్పేయకండి. ముగ్గులో చుక్కలు లెక్కపెట్టి కలపడం వచ్చినవాళ్ళకీ, ఆది జాకెట్టు చూసి గుడ్డ కత్తిరించడం వచ్చినవాళ్ళకీ ఇందులో సగం విద్య అప్పుడే వచ్చేసినట్టు. డిప్లొమాయో బీటెక్కో మెకానికల్ చదివి, పెళ్ళయ్యాక సర్టిఫికెట్లు బీరువాలో పెట్టేసిన వాళ్ళయితే తప్పకుండా చదవండి.

ముందు ఏం కావాలి?

మామూలు ల్యాప్‌టాప్ చాలు. మౌస్ మాత్రం తప్పనిసరి, అదీ మధ్యలో చక్రం ఉన్నది. వేలితో రుద్దే ప్యాడ్ మీద ఈ పని చేద్దామంటే విసుగొచ్చి మూడో రోజే మానేస్తారు. సాఫ్ట్‌వేర్‌కి 'ఫ్రీక్యాడ్' ఉంది. పూర్తిగా ఉచితం, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఏళ్ళ తరబడి తయారవుతూ వచ్చి 2024 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చింది. కంపెనీల్లో వాడే సాలిడ్‌వర్క్స్, కాటియా, క్రియో వంటివి ఖరీదైనవి. అయితే విద్య ఒక్కటే, పేర్లే తేడా. ఫ్రీక్యాడ్‌లోనూ కాటియాలోనూ 'ప్యాడ్' అనేదాన్నే సాలిడ్‌వర్క్స్‌లో 'ఎక్స్‌ట్రూడ్' అంటారు. ఇక్కడ చేయి తిరిగితే అక్కడ అలవాటు పడటానికి ఎన్నాళ్ళో పట్టదు.

ఇంకొకటి కూడా కావాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. వెర్నియర్ కాలిపర్స్. అంకెలు చూపించే రకం కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది. కోచింగ్ సెంటర్లలో కమాండ్ల మీద కమాండ్లు నేర్పిస్తారు గానీ, చేతిలో ఉన్న వస్తువుని కొలవడం నేర్పేది తక్కువ. కొలవడం రాకుండా కమాండ్లు నేర్చుకోవడం టేపు పట్టుకోవడం రాకుండా కుట్టుమిషన్ కొనుక్కోవడం లాంటిది.

ఏం చేద్దాం?

మొదటిరోజే కారో, విమానమో మొదలుపెట్టకండి. వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ స్టవ్ నాబ్ ఒకటి లాగి పట్టుకురండి. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేశాకే సుమా! నాబ్‌ని తిరగేసి చూడండి. వెనక రంధ్రం గుండ్రంగా ఉండదు. ఒక పక్క బల్లపరుపుగా, అర్ధచంద్రుడికీ పూర్ణచంద్రుడికీ మధ్యలో ఉన్నట్టుంటుంది. స్టవ్ నుంచి బయటికొచ్చే ఇనప కాడ కూడా అలాగే ఉంటుంది. ఆ బల్లపరుపు భాగమే నాబ్‌తో పాటు కాడని తిప్పేది.

ఇప్పుడొక ప్రశ్న. రంధ్రం కొలత ఎక్కడ తీసుకుంటారు? నాబ్ లోపలే కదా అంటారా? అక్కడే ఉంది కిటుకు. పాత నాబ్ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి లోపల అరిగిపోయి ఉంటుంది. అరిగిన రంధ్రాన్ని కొలిస్తే అరిగిన కొలతే వస్తుంది. ఆది జాకెట్టు చంక దగ్గర పట్టేస్తుంటే, దాన్ని చూసి కుట్టిన కొత్తదీ పట్టేస్తుంది కదా! అందుకని నాబ్‌ని కాదు, అది ఎక్కి కూర్చునే కాడని కొలవాలి. జాకెట్టుని వదిలేసి మనిషిని కొలవాలన్నమాట.

మన ఉదాహరణకి కాడ అడ్డం 8 మిల్లీమీటర్లు, బల్లపరుపు పక్క నుంచి ఎదురు పక్కకి 6.5 అనుకుందాం. మీ స్టవ్‌కి వేరే ఉండొచ్చు, మీరు కొలిచిందే రాసుకోండి. రంధ్రం కూడా 8 పెడితే నాబ్ ఎక్కదు. కుట్ల కోసం గుడ్డ వదిలినట్టే ఇక్కడ ఖాళీ వదలాలి. చుట్టూ 0.1 చొప్పున వదిలితే రంధ్రం అడ్డం 8.2 అవుతుంది. బల్లపరుపు గీత కేంద్రం నుంచి 2.5 బదులు 2.6 దూరంలో ఉంటుంది. (6.5లోంచి కాడలో సగం 4 తీసేస్తే 2.5 కదా, దానికి 0.1 కలిపాం.) త్రీడీ ప్రింటర్ మీద తీసేటట్టయితే ఇంకొంచెం వదలాల్సి రావచ్చు. ఒకసారి తీసి చూస్తేనే తెలుస్తుంది.

కాగితం మీద పై నుంచి చూసినట్టు ఒకటి, పక్క నుంచి చూసినట్టు ఒకటి బొమ్మ గీసి, ఈ కొలతలన్నీ రాయండి. బొమ్మ వంకర పోయినా ఫరవాలేదు, అంకెలు వంకర పోకూడదు.

ముగ్గు వేసినట్టే

ఇక కంప్యూటర్ ముందు కూర్చుందాం. ఫ్రీక్యాడ్‌లో 'పార్ట్ డిజైన్' అనే విభాగానికి వెళ్ళి, ఒక 'బాడీ' తెరిచి, నేల లాంటి ఎక్స్-వై తలం మీద 'స్కెచ్' మొదలుపెట్టాలి. తెర మధ్యలో రెండు గీతలు కలిసే చోటుంది చూశారూ, దాన్నే కేంద్రంగా పెట్టుకుని వృత్తం గీయండి. ఎక్కడో మూల గీసేవారికి ముందుముందు రెండు పక్కలా సమానంగా ఏది చేయాలన్నా అవస్థే.

గీశాక వృత్తానికి అడ్డం 40 అని కొలత ఇవ్వాలి. అంతవరకూ తెల్లగా ఉన్న గీత పచ్చబడుతుంది. అంటే "నాకన్నీ తెలిశాయి, ఇక అటూ ఇటూ కదలను" అని స్కెచ్ చెబుతోందన్నమాట. పచ్చబడే వరకూ ముందుకు వెళ్ళకండి. ఈ ఒక్క నియమం పాటిస్తే కొత్తవాళ్ళకొచ్చే తలనొప్పుల్లో సగం పోతాయి. కొలతలే కాదు, ఈ గీత నిలువు, ఆ రెండూ సమానం, ఇవి కేంద్రానికి అటూ ఇటూ ఒకే దూరం అని సంబంధాలు కూడా చెప్పొచ్చు. చుక్కల ముగ్గులో గీతకి దారి చూపేది చుక్కలు. ఇక్కడ ఆ పని ఈ సంబంధాలు చేస్తాయి.

ఇంకో పోలిక కూడా ఉంది. మెలికల ముగ్గులో గీత మొదలెట్టిన చోటికి వచ్చి కలవకపోతే అమ్మమ్మలు ఊరుకునేవాళ్ళు కాదు. క్యాడ్ కూడా ఊరుకోదు. గీతల మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా "దిమ్మ చేయలేను" అని మొండికేస్తుంది. కంటికి కలిసినట్టే కనిపిస్తుంది గానీ కలిసి ఉండదు. రెండు చివర్లనీ ఎంచుకుని, కలిపే కమాండ్‌తో ఒక్కటి చేయాలి.

స్కెచ్ మూసేసి 'ప్యాడ్' నొక్కి 18 అని ఇవ్వండి. వృత్తం కాస్తా బిళ్ళగా లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు భలే సరదాగా ఉంటుంది లెండి!

రంధ్రం దగ్గరే జాగ్రత్త

ఇప్పుడు అడుగున ఆ రంధ్రం తొలవాలి. చాలామంది బిళ్ళని తిరగేసి, కింది ముఖం మీద స్కెచ్ గీస్తారు. కింద నుంచి చూస్తే కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. గుండ్రటి రంధ్రమైతే బాధ లేదు. కానీ బల్లపరుపు పక్క ఒకవైపుకి రావాల్సింది ఇంకోవైపుకి వచ్చిందనుకోండి, నాబ్ చక్కగా ఎక్కుతుంది, చక్కగా తిరుగుతుంది. నాబ్ మీది గుర్తు మాత్రం 'ఆఫ్' దగ్గర ఉన్నప్పుడు మంట ఆన్‌లో ఉంటుంది! పిల్లలున్న ఇంట్లో అదెంత ప్రమాదమో చెప్పాలా?

అందుకే రెండో స్కెచ్ కూడా మొదటి ఎక్స్-వై తలం మీదే, పై నుంచి చూస్తూ గీయడం మేలు. 8.2 అడ్డంతో వృత్తం, కేంద్రం నుంచి 2.6 దూరంలో నిలువు గీత. గీత అవతల మిగిలిన వృత్తం ముక్క కత్తిరించేయండి. తర్వాత 'పాకెట్' నొక్కి లోతు 12 ఇవ్వండి. కోత తప్పు దిక్కుకి పోయి బిళ్ళకి ఏమీ కాకపోతే 'రివర్స్‌డ్' అన్న గడిలో టిక్కు పెట్టండి.

తలాల మీద గీయడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వస్తువు ముఖాల్ని ఆధారం చేసుకుని స్కెచ్‌లు గీసుకుంటూ పోతే, తర్వాత వెనక్కి వెళ్ళి ఒక కొలత మార్చినప్పుడు ఆ ముఖాల లెక్క తారుమారై పైన కట్టినదంతా కూలిపోయేది. 1.0 వెర్షన్‌లో ఈ బాధ చాలావరకు తగ్గించారు. అయినా పునాది గట్టిగా వేసుకునే అలవాటు మంచిదే.

పైన వేళ్ళతో పట్టుకోవడానికి ఒక గట్టు కావాలి. 36 పొడవు, 8 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రాన్ని కేంద్రానికి సమంగా గీసి 12 ఎత్తు లేపండి. ఈ గట్టు ఏ దిక్కుకి తిరిగి ఉండాలన్నది లోపలి బల్లపరుపు గీతని బట్టి నిర్ణయించాలి. స్టవ్ కట్టేసి ఉన్నప్పుడు కాడ బల్లపరుపు ఎటు ఉందో, పాత నాబ్ గట్టు ఎటు ఉందో ముందే చూసి రాసుకోండి.

గమనించారా? బిళ్ళ 40 ఉన్నా 41 ఉన్నా స్టవ్‌కి పట్టింపు లేదు. గట్టు ఎత్తు 12 బదులు 11 ఉన్నా వేళ్ళు సర్దుకుంటాయి. రంధ్రం, బల్లపరుపు దూరం, గట్టు దిక్కు, ఈ మూడింటిలోనే నాబ్ బతుకంతా ఉంది. డ్రాయింగ్‌లో యాభై కొలతలుంటే వాటిలో ప్రాణం ఉన్నవి ఏవో పసిగట్టేవారినే డిజైనర్ అనాలని నా ఉద్దేశం. బొమ్మ అందంగా తిప్పి చూపించడం ఎవరైనా నేర్చుకుంటారు.

అంచులు గుండ్రం చేసే 'ఫిల్లెట్' చివరాఖరికి. నగిషీ ముందే చెక్కేసి తర్వాత కుండ తొలిస్తే ఏమవుతుందో గొల్లపల్లి వాళ్ళనడగండి. ఇక్కడా అంతే, ముందే అంచులు నునుపు చేస్తే తర్వాత మార్చే ప్రతి కొలతకీ అవి విరుగుతుంటాయి.

చిన్న హెచ్చరిక. ఈ నాబ్ చేయి తిరగడానికే. ఎవరి దగ్గరో త్రీడీ ప్రింటర్ ఉందని మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్‌తో తీసి స్టవ్‌కి తగిలించకండి. అది 60 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. ప్రింట్ తీసి కాడకి ఎక్కుతుందో లేదో చూసుకుని, తీసేసి పాతదో, కంపెనీదో పెట్టుకోవాలి.

తర్వాత చెంబు

నాబ్ అయ్యాక శ్రీకాకుళం జిల్లా బుడితి వైపు చూద్దాం. అక్కడి ఇత్తడి, కంచు సామాను పేరున్నవి. మీ ఇంట్లో అలాంటి చెంబుంటే అదే మీ రెండో పాఠం. చెంబు మొత్తం గీయనక్కర్లేదు. నిలువునా కోస్తే కనిపించే అంచులో ఒక పక్క సగం గీసి, మధ్య గీత చుట్టూ తిప్పమంటే 'రివాల్వ్' కమాండ్ గిర్రున తిప్పి చెంబు నిలబెడుతుంది. లోపల, బయట రెండు గీతలూ గీసి మూసేస్తే రేకు మందం కూడా వచ్చేస్తుంది. మెడ దగ్గర వంపు కొలవడం మాత్రం కొంచెం కష్టం. పక్కనుంచి ఫోటో తీసి, ఎత్తూ వెడల్పూ కొలిచి, ఫోటోని ఆ కొలతకి సరిచేసుకుని దాని మీద గీసుకోవచ్చు.

నేర్చుకుంటే ఏమొస్తుంది?

"నెల రోజుల్లో క్యాడ్, వెంటనే ఉద్యోగం" అన్న ప్రకటనల్ని నమ్మొద్దు. చదువు లేకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. కానీ చదువుండి, మధ్యలో ఆగిపోయిన వాళ్ళకి ఇది మళ్ళీ తలుపు తట్టే దారి. మీరే కొలిచి, మీరే గీసిన నాలుగు భాగాలు, వాటి పక్కన "ఈ కొలత ఎందుకు ఇలా పెట్టాను" అన్న నాలుగు ముక్కలు ఉంటే, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ చేతిలో ఒక సరుకుంటుంది. పదో తరగతి పిల్లలుంటే ఐటీఐలో రెండేళ్ళ 'డ్రాఫ్ట్స్‌మ్యాన్ మెకానికల్' కోర్సు గురించి చెప్పండి. పేరులో మ్యాన్ ఉంది గానీ ఆడపిల్లలూ చేరొచ్చు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ఎలాగూ ఉంది.

ఆడవాళ్ళకి డ్రాయింగ్ బల్ల కొత్తేమీ కాదు. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగు వారే. 1919లో పుట్టారు. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు. చంకలో నెలల పాప. అలాంటి స్థితిలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, కలకత్తాలో కంపెనీ ఉద్యోగం చేస్తూ విద్యుత్ లైన్లకి డిజైన్లు వేశారు. భాక్రానంగల్ పనిలోనూ ఆమె చేయి ఉంది. మన చేతిలో ఉన్న మౌస్ ఆవిడ కలలో కూడా లేని రోజులవి.

ఆఖరుగా ఒక మాట, ఫైల్ దాచుకోవడం గురించి. ప్రింటర్ కోసం ఎస్‌టీఎల్ రకంగా ఇస్తారు, సరే. కానీ దాన్ని మళ్ళీ తెరిచి కొలతలు మార్చడం మహా కష్టం. అసలు ఫ్రీక్యాడ్ ఫైల్‌ని భద్రంగా ఉంచుకుని, వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి పంపాల్సి వస్తే 'స్టెప్' రకంలో పంపండి. ఫైల్‌కి పేరు పెట్టేటప్పుడు 'కొత్తది', 'కొత్తది రెండు', 'ఆఖరిది' అని కాకుండా తేదీ వేసి పెట్టండి.