మందు మంచిదైతే చాలదు... వెళ్ళే దారి సరిగా వుండాలి!

పల్లెల్లో జ్వరమొచ్చినా, నడుము నొప్పి వచ్చినా "ఒక సూది వేయమ్మా, తగ్గిపోతుంది" అని అడిగేవారే ఎక్కువ. చేతిలో మాత్రలు పెడితే వైద్యమే జరగనట్టు మొహం చిన్నబుచ్చుకుంటారు. అయితే ఏ మందు నోటి ద్వారా ఇవ్వాలి, ఏది కండకు వేయాలి, ఏది చర్మం కింద, ఏది నరానికి అన్నది రోగి కోరికనుబట్టి తేలే విషయం కాదు. ఒకే మందు సరైన దారిన వెళితే ప్రాణం నిలబెడుతుంది. దారి తప్పితే ఆ మందే ప్రాణం తీస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, ఉప కేంద్రాలలో రోజుకు పదుల సార్లు ఆ దారిని కాచేది స్టాఫ్ నర్సులు, ఏ.ఎన్.ఎం.లు. వారి పనిలో వున్న జాగ్రత్తలేమిటో తెలిస్తే రోగులు కూడా వారికి సాయపడగలరు.

నాంపల్లి నేర్పిన పాఠం

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం కోసం పారాసిటమాల్ ఇవ్వవలసి వుండగా, ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. అది పెద్దవాళ్ళకు తీవ్రమైన నొప్పులున్నప్పుడు వాడే మందు. ఇద్దరు పసిబిడ్డలు మరణించారు. మరెందరో ఆస్పత్రి పాలయ్యారు. తేడా జరిగింది సూది దగ్గర కాదు, చేతిలో పెట్టిన మాత్ర దగ్గర. మాత్రే కదా అన్న అలక్ష్యం ఎంత ప్రమాదమో ఆ సంఘటన తెలియజెప్పింది.

అందుకే నర్సింగ్ శిక్షణలో మందు పేరు మూడుసార్లు చదవాలని నేర్పుతారు. బీరువాలో నుంచి తీసేటప్పుడు ఒకసారి, మోతాదు తీసేటప్పుడు ఒకసారి, రోగికి ఇచ్చే ముందు మరోసారి. అట్ట రంగు చూసి, డబ్బా వున్న చోటు చూసి మందు గుర్తుపట్టే అలవాటు పనికిరాదు. ఒకే పోలికతో వున్న అట్టలను పక్కపక్కన పెట్టకూడదు.

ముందుగా అయిదు ప్రశ్నలు

ఏ మందుకైనా ముందు అయిదు విషయాలు సరిచూసుకోవాలి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన సమయం. ఇచ్చిన వెంటనే కేస్ షీటులో రాయడం ఆరవది. ముందే రాసి పెట్టుకోవడం, డ్యూటీ దిగేటప్పుడు అన్నీ ఒకేసారి రాయడం రెండూ తప్పే.

మన వూళ్ళలో లక్ష్మీ అని పిలిస్తే వార్డులో నలుగురు పలుకుతారు. "నువ్వు లక్ష్మివేనా?" అని అడిగితే మగతలో వున్న మనిషి వూ అంటుంది. "మీ పేరు, ఇంటిపేరు, వూరు చెప్పండి" అని వారి నోటే చెప్పించి, చీటీతో పోల్చుకోవడం మంచి పద్ధతి. డాక్టరు ఫోనులో మందు చెప్పినప్పుడు విన్నదాన్ని రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. రాతలోనూ చిక్కులున్నాయి. ఇన్సులిన్ 4 యూనిట్లు అని పూర్తిగా రాయక, అంకె పక్కన ఇంగ్లీషు యూ అక్షరం ఒక్కటీ పెడితే అది సున్నాలా కనిపించి 40 అవుతుంది.

నోటి మందులోనూ మెలకువలు

మింగలేని ముసలివారికి మాత్రలు నూరి నీళ్ళలో కలిపి ఇవ్వడం పరిపాటి. కాని కొన్ని మాత్రలు కడుపులో గంటల తరబడి కొంచెం కొంచెంగా కరిగేటట్టు తయారుచేస్తారు. వాటిని నూరితే రోజంతా అందవలసిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మగతలో వున్నవారికి, ఫిట్స్ వస్తున్నవారికి నోట్లో ఏమీ పోయకూడదు. అది వూపిరితిత్తుల్లోకి పోతుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే బిళ్ళను మింగించకూడదు. రోగిని కూర్చోబెట్టే ఇవ్వాలి. రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగే అవకాశం వుంది.

పిల్లల పారాసిటమాల్ విషయంలో చుక్కల మందు వేరు, సిరప్ వేరు. సాధారణంగా దొరికే చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు వుంటే, మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు సుమారు 125 మిల్లీగ్రాములే వుంటుంది. సిరప్ అనుకుని చుక్కల మందు 5 మిల్లీలీటర్లు పోస్తే బిడ్డకు నాలుగింతల మోతాదు పడుతుంది. ఇంట్లో చెంచాలన్నీ ఒక కొలతవి కావు. సీసాతో వచ్చే కొలత మూతనో, చుక్కల గొట్టాన్నో వాడమని తల్లికి చూపించి మరీ చెప్పాలి.

సూది ఎక్కడ, ఎంత లోతున?

కండకు వేసే సూది నిటారుగా దిగాలి. పిర్రకు వేసేటప్పుడు దాన్ని నాలుగు భాగాలుగా వూహించుకుని, పైన బయటి వైపు భాగంలోనే వేయాలి. కిందికో లోపలికో జరిగితే కాలికి వెళ్ళే పెద్ద నాడికి దెబ్బ తగులుతుంది. "సూది పోటుకు కాలు పడిపోయింది" అని వూళ్ళలో వినిపించే మాట వుత్త పుకారు కాదు. పసిపిల్లలకు పిర్ర తగదు. తొడకు ముందు బయటి వైపు వున్న కండే క్షేమం. పెంటావాలెంట్ టీకా అక్కడే వేస్తారు.

బి.సి.జి. టీకాది వేరే పద్ధతి. అది ఎడమ దండచేతికి చర్మం పొరలోనే, సూదిని దాదాపు చర్మానికి ఆనించినట్టు పట్టి వేయాలి. సరిగా పడితే చిన్న బొబ్బలా తేలుతుంది. లోతుగా పోతే చీముగడ్డ కట్టవచ్చు.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ చర్మం కింద వేస్తారు. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దాని సిరంజీకి ఎర్ర మూత. 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీతో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డలు కట్టి మందు సరిగా ఎక్కదు. చోటు మారుస్తూ వుండాలి.

నరానికి ఇస్తే వెనక్కి తీయలేం

మాత్ర పొరపాటైతే కొంత వ్యవధి వుంటుంది. నరానికి ఎక్కించిన మందు క్షణాల్లో గుండెకు చేరుతుంది. పొటాషియం క్లోరైడును నేరుగా నరానికి ఇస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని సెలైన్‌లో కలిపి, బాగా కలియబెట్టి, నిదానంగా ఎక్కించాలి. మామూలు నీళ్ళ మందుల ట్రేలో దాన్ని వుంచకూడదు. కీళ్ళవాతం జ్వరానికి వాడే బెంజథిన్ పెన్సిలిన్ కండకే వేయాలి. నరానికి పోతే ప్రాణాపాయం.

ఏ సూది వేసే ముందైనా, "ఇదివరకు ఏ మందైనా పడలేదా? దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?" అని అడగడం తప్పనిసరి. పక్కన అడ్రినలిన్ సిద్ధంగా వుండాలి. మందు వికటించి వూపిరాడకపోతే పెద్దవారికి అర మిల్లీలీటరు తొడ కండకు వెంటనే వేయాలి. టీకా తర్వాత అరగంట కూర్చోమనేది ఇందుకే. తల్లులు తొందరపడి వెళ్ళిపోకూడదు.

కాన్పు గదిలో ఒకే మందు, రెండు ఫలితాలు

బిడ్డ పుట్టిన తర్వాత, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకుని, ఒక నిమిషంలోపే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు వేస్తే గర్భసంచి ముడుచుకుని రక్తస్రావం తగ్గుతుంది. ఎందరో తల్లులను కాపాడుతున్న మందు ఇది. అదే మందును కాన్పు త్వరగా కావాలని ముందే కండకు పొడిస్తే గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు వూపిరి అందకపోవచ్చు. "నొప్పుల సూది వేయండి" అని బంధువులు పోరుపెట్టడం మానుకోవాలి.

పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచే ఫిట్స్ గర్భిణికి వస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో పిర్రకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు లోతుగా కండకు వేసి, ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి పంపాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

వాడిన సూది మళ్ళీ వద్దు

గాజు సిరంజీలను మరిగించి వాడిన రోజులు పోయాయి. ఇప్పుడు టీకాలకు ఒకసారి వాడగానే బిగుసుకుపోయే సిరంజీలు వస్తున్నాయి. అయినా ముప్పు తొలగిపోలేదు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలనే తిరిగి వాడడంవల్ల హెపటైటిస్-బి ప్రబలి పదుల సంఖ్యలో మరణించారు. సూది మార్చి సిరంజీ మార్చకపోవడం కూడా అంతే ప్రమాదం. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోతే నర్సు వేలికే గుచ్చుకుంటుంది. దాన్ని అక్కడికక్కడే కట్టర్‌లో తుంచి, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలి.

అడగడం తప్పు కాదు

"సిస్టరమ్మా, ఇది ఏ మందు? దేనికి?" అని రోగి అడగడం నర్సును అనుమానించడం కాదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె మరోసారి అట్ట చూసుకుంటుంది. కొత్త సిరంజీ కవరు తమ ఎదుటే చించమని అడిగే హక్కు అందరికీ వుంది. అలాగే ఆమె మందు కొలిచేటప్పుడు చుట్టూ మూగి మాట్లాడించడం, త్వరగా కానిమ్మని కేకలేయడం తగదు. పొరపాట్లకు మూలం చాలాసార్లు ఆ హడావుడే.

రాత్రిపూట కాన్పు గదినీ, వార్డునూ ఒకే నర్సు చూసుకోవలసిన కేంద్రాలున్నాయి. జాగ్రత్తలన్నీ పుస్తకంలో వున్నా, ఒక మనిషికి రెండు చేతులే వుంటాయి. వైద్య ఆరోగ్యశాఖ అధికారులు ఖాళీలు భర్తీ చేసి, మందుల గదిలో మంచి వెలుతురు, తెలుగులో పెద్ద అక్షరాల చీటీలు ఏర్పాటు చేయాలి. పొరపాటు తృటిలో తప్పినప్పుడు దాన్ని బయటపెట్టిన నర్సును దండించక, అది మళ్ళీ జరగకుండా చూడాలి. అప్పుడే పల్లె ప్రజలకు మందు మందుగా అందుతుంది.