పొయ్యి మీది గట్క

పిల్లలూ! మార్గశిరం వచ్చిందంటే సికింద్రాబాదులో తెల్లవారుజామున ముసుగు తీయబుద్ధి కాదు. కొన్ని రోజుల్లో చలి 12 డిగ్రీల దాకా దిగుతుంది. పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడికి వెళ్ళేవాళ్ళు కూడా శాలువాలు కప్పుకొని చేతులు రుద్దుకుంటూ నడుస్తారు. అటువంటి పొద్దున మీకు ఏం తినాలని ఉంటుంది? ఇడ్లీ అంటారు కొందరు, ఉప్మా అంటారు మరికొందరు. నన్నడిగితే మాత్రం గట్క అంటాను.

గట్క అన్నాను, గుట్కా అనలేదు సుమా! అది విషం, ఇది భోజనం. కరీంనగరు, వరంగల్లు వైపు నుంచి వచ్చి ఈ పేటలో స్థిరపడినవాళ్ళు మీ ఇరుగుపొరుగున ఉంటే వెళ్ళి అడగండి. జొన్నలనో, మక్కలనో ఇసుర్రాయిలో రవ్వగా విసిరి, నీళ్ళలో మెత్తగా ఉడికించేదే గట్క. కోస్తావాళ్ళు మొక్కజొన్న అనేదాన్నే ఇక్కడ మక్క అంటారు. ఇవాళ మనం వండబోయేది మక్క గట్క.

ముందుగా అమ్మనో నానమ్మనో పిలవండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. ఒక గ్లాసు మక్క రవ్వను గంటసేపు నానబెట్టండి. మందపాటి గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, ఉప్పు వేసి మరగనివ్వండి. నానిన రవ్వను కొంచెం కొంచెంగా జారవిడుస్తూ, రెండో చేత్తో తెడ్డు తిప్పుతూ ఉండాలి. తరువాత సెగ తగ్గించాలి. నాకు తెలిసిన ఒక నానమ్మ ఇక్కడ మనుమరాలిని తప్పకుండా హెచ్చరిస్తుంది: "సన్న సెగ మీదనే ఉడకాలె బిడ్డా! గట్కకు తొందర పనికిరాదు." ఆమె చెప్పింది నిజం. ముప్పై నలభై నిమిషాలు పడుతుంది. చివర ఒక గ్లాసు కాచిన పాలు, ఒక చెంచా నెయ్యి కలిపితే గట్క వెన్నలా జారుతుంది. పాలు వద్దనుకుంటే ఆ గ్లాసు కూడా నీళ్ళే పోయవచ్చు.

ఈ నలభై నిమిషాలూ గిన్నెలో ఏం జరుగుతున్నదో చూద్దామా? మక్క రవ్వలో ఎక్కువ భాగం పిండిపదార్థం. అది కంటికి కనబడని చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. చల్లని నీళ్ళలో అవి ఊరకే కూర్చుంటాయి. వేడి 65, 70 డిగ్రీలకు చేరేసరికి నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, జిగురు వదులుతాయి. అందుకే నీళ్ళలా ఉన్నది చూస్తుండగానే చిక్కబడుతుంది. రవ్వనంతా ఒక్కసారిగా కుమ్మరిస్తే మాత్రం ముద్ద పైపొర వెంటనే జిగురై, నీటిని లోపలికి పోనివ్వదు. ఉండను చిదిపి చూడండి, మధ్యలో ఉడకని రవ్వ అలాగే ఉంటుంది!

ఇంకొక తమాషా. చారు త్వరగా చల్లారుతుంది, గట్క చల్లారదు. చారులో పైన చల్లబడిన భాగం కిందికి దిగి, కింది వేడి భాగం పైకి వస్తూ తిరుగుతూనే ఉంటుంది. చిక్కని గట్కకు ఆ తిరుగుడు లేదు. పైన గోరువెచ్చగా ఉన్నదని మధ్యలోంచి పెద్ద ముద్ద తీశారో, నాలుక కాలుతుంది. అంచుల నుంచి తింటూ రావాలి.

ఈ గట్కకు సముద్రాల అవతల ఒక అక్క ఉన్నది. ఆమె పేరు పొలెంటా. ఇటలీ దేశపు ఉత్తర భాగంలో చలికాలం వచ్చిందంటే రాగి గిన్నెలో మొక్కజొన్న పిండి ఉడికించి, కొయ్య పలక మీద కుమ్మరించి, దారంతో కోసి పంచుకునేవారు. మెత్తగా జారేలా చేసుకున్నప్పుడు వెన్న, చీజ్ కలుపుతారు. దక్షిణాన ఉన్న ఇటలీవాళ్ళు ఉత్తరంవాళ్ళను "పొలెంటా తిండిపోతులు" అని ఆటపట్టిస్తారట!

కాని ఇటలీకీ మనకూ కూడా మొక్కజొన్న పరాయి ధాన్యమే. దాని పుట్టిల్లు మెక్సికో. కొలంబసు 1492లో అమెరికా చేరిన తరువాతనే అది తక్కిన లోకానికి వచ్చింది. గింజ ఓడ ఎక్కింది గాని, దానిని వండే యుక్తి ఒడ్డునే ఉండిపోయింది. మెక్సికోవాళ్ళు తరతరాలుగా మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, ఆ తరువాత రుబ్బుకునేవారు. ఎందుకో యూరపువాళ్ళకు తెలియలేదు. తెల్లని, పచ్చని పిండి ఉంటే చాలదా అనుకున్నారు.

ఇటలీలో పేద రైతులు మూడు పూటలా పొలెంటా తప్ప వేరే ఏమీ తినలేని రోజులు వచ్చాయి. వాళ్ళ చేతుల మీద, మెడ చుట్టూ ఎండ తగిలిన చోటల్లా చర్మం మొద్దుబారి చిట్లింది. కడుపు చెడింది, మతి చలించింది, చాలామంది చనిపోయారు. 1771లో ఫ్రాపొల్లి అనే వైద్యుడు దీనికి "పెలగ్రా" అని పేరు పెట్టాడు. గరుకు చర్మం అని ఆ మాటకు అర్థం. 1881లో లెక్క తీస్తే ఇటలీలో లక్షమందికి పైగా రోగులు తేలారు. పొలెంటా తినేవాళ్ళకే ఇది వస్తున్నది కాబట్టి, బూజు పట్టిన పిండిలో ఏదో విషం ఉన్నదని చాలామంది నమ్మారు.

ముడి విప్పినవాడు అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్. 1914లో ఆయన దక్షిణ రాష్ట్రాల అనాథాశ్రమాలు చూడబోయాడు. పిల్లలకు పెలగ్రా ఉన్నది, వాళ్ళ మధ్యనే తిరిగే ఉద్యోగులకు లేదు! అంటువ్యాధి అయితే అలా ఎందుకుంటుంది? ఆయన పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు పెట్టించాడు. జబ్బు మాయమయింది. 1937లో ఎల్వెహ్యెం అనే శాస్త్రజ్ఞుడు అసలు లోపాన్ని పట్టుకున్నాడు. నయాసిన్ అనే విటమిను అది. మొక్కజొన్నలో అది ఉన్నా, తాళం వేసిన పెట్టెలో డబ్బులా ఉంటుంది, మన ఒంటికి అందదు. సున్నం ఆ తాళం తీస్తుంది. మెక్సికో అవ్వలకు విటమిను పేరు తెలియకపోయినా తాళంచెవి దొరికింది!

ఈ కథలో మన ఊరికీ ఒక పేజీ ఉన్నది. పద్మారావు నగర్ నుంచి సీతాఫల్‌మండి దాటి వెళ్తే తార్నాక వస్తుంది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థను మీలో కొందరు చూసే ఉంటారు. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలయిన ఆ సంస్థ 1958లో మన నగరానికి వచ్చింది. దక్కనులో జొన్నలే ఆధారంగా బతికే పేదలకు కూడా పెలగ్రా వస్తున్నదని ఇక్కడి శాస్త్రజ్ఞులు గమనించారు. జొన్నలో నయాసిన్‌కు తాళం అంత గట్టిది కాదే, మరి జబ్బెందుకు? జొన్న మాంసకృత్తులలో లూసిన్ అనేది మరీ ఎక్కువ కావటం కారణం కావచ్చునని గోపాలన్, శ్రీకంఠయ్య గారలు 1960లో "లాన్సెట్" పత్రికలో ప్రకటించారు. దానిమీద తరువాత శాస్త్రజ్ఞులు చాలా వాదించుకున్నారు, అది వేరే కథ.

అయితే గట్క తినటానికి భయపడాలా? ఏమీ అక్కరలేదు. పాలలోనూ పప్పులోనూ ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉన్నది. మన శరీరం దానినుంచి నయాసిన్‌ను తానే తయారు చేసుకుంటుంది. ఇంట్లో సున్నం జోలికి మాత్రం పోకండి. గట్కలో పాలు పోశాం కదా? పక్కన ముద్దపప్పో, పాలకూర పప్పో పెట్టుకోండి. మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ ఉంటే ఇంకా మంచిది. పచ్చిపులుసు కూడా దీనికి బాగా జత కుదురుతుంది, కాని అది ఒక్కటే పోసుకొని లేచిపోతే నానమ్మ ఒప్పుకోదు.

మిగిలిన గట్కను పళ్ళెంలో పరచి ఉంచండి. చల్లారాక ముక్కలుగా కోయవచ్చు. పెనం మీద నూనె చుక్క వేసి ఎర్రగా కాలిస్తే సాయంత్రానికి ఫలహారం. ఇక గిన్నె అడుగున అంటుకున్న కరకరలాడే పొర ఉంటుంది చూశారూ, దానిని గోకి ఇమ్మని అడగటం మరచిపోకండి. మీ తమ్ముడు ఈపాటికే చెంచా పట్టుకొని నిలబడి ఉంటాడు.