118 ఏళ్ల యుద్ధం అక్కడ, 17 ఏళ్ల యుద్ధం ఇక్కడ

అమలాపురం నుంచి వెళ్తూ ఎదుర్లంక దగ్గర గౌతమి మీది వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు యానాం. బళ్ల నంబర్లు ఏపీ నుంచి పీవైకి మారిపోతాయి. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఆ నేల ఈనాటికీ పుదుచ్చేరిదే. గోదావరి నడిబొడ్డున ఈ గీత ఎవరు గీశారు?

అది తెలియాలంటే రోమ్, కార్తేజ్‌ల కథ పక్కన పెట్టుకుని చూడాలి. క్రీ.పూ. 264 నుంచి 146 దాకా ఆ రెండూ మధ్యధరా సముద్రం కోసం 118 ఏళ్లలో 3 సార్లు తలపడ్డాయి. మన తీరం కోసం ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు కూడా 1746 నుంచి 1763 వరకు 3 విడతలుగా కొట్టుకున్నాయి. వాటినే కర్ణాటక యుద్ధాలంటాం. పేరులో కర్ణాటక ఉన్నా, మూడో విడతలో ఒక పెద్ద దెబ్బ తగిలింది మన జిల్లాల్లోనే.

1753లో నిజాం సలాబత్ జంగ్ రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, శ్రీకాకుళం సర్కార్లు (జిల్లాల వంటివి) నాలుగింటినీ సైన్యం ఖర్చుల కింద ఫ్రెంచివారికి రాసిచ్చాడు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దండెత్తి వచ్చి ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరాలను ఒక్కొక్కటే లాక్కున్నాడు. వాటిలో వైనతేయ తీరాన మన బెండమూర్లంక ఒకటి. బట్టల వ్యాపారం జరిగిన ఊరది. (నేతకు పేరున్న బండారులంక వేరు, రెంటినీ కలపొద్దు.) అవతల ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం, పైన విశాఖ కూడా పోయాయి.

ఏడాది తిరిగేసరికి పాచిక తిరగబడింది. విజయనగరం పూసపాటి ఆనందగజపతిరాజు విశాఖను ఫ్రెంచివారి నుంచి పట్టుకుని, కలకత్తాలో ఇంగ్లీషు కంపెనీ వ్యవహారాలు చూస్తున్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు కర్నల్ ఫోర్డ్‌ను ఓడల్లో పంపాడు. రాజమండ్రి చేజిక్కాక సైన్యం ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు రాజు ఇవ్వాలన్నది ఒప్పందం.

1758 డిసెంబరు 7. గొల్లప్రోలు దగ్గర చందుర్తి. ఫోర్డ్ వైపు సుమారు 470 మంది తెల్లవాళ్లు, 1,900 మంది సిపాయిలు. వీళ్లుగాక రాజుగారి బలగం. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది తెల్లవాళ్లు, 6,000 మంది సిపాయిలు. లెక్కకు చూస్తే ఫ్రెంచివారే గెలవాలి. కానీ ఫోర్డ్ తన తెల్లదళాన్ని నిలువెత్తు పైరు చాటున ఉంచాడు. ఎర్ర కోట్లు తొడుక్కున్న సిపాయిలను చూసి ఇంగ్లీషు పటాలం అదేననుకుని ఫ్రెంచి దళం వాళ్ల మీదికి ఉరికింది. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముతూ వరుస చెదిరిన ఫ్రెంచివారి మీద పక్కనుంచి అసలు దళం తుపాకులు పేల్చింది. ఆ దెబ్బతో ఫ్రెంచి సైన్యం రాజమండ్రి వైపు పరుగు తీసింది.

ఆ తర్వాత డబ్బు దగ్గర రాజుకూ ఫోర్డ్‌కూ పేచీ వచ్చి, 1759 జనవరి ఆఖరుదాకా సైన్యం కదల్లేదు. ఏప్రిల్ 7 రాత్రి ఫ్రెంచివారి మచిలీపట్నం కోట మీద ఫోర్డ్ దాడి చేశాడు. తెల్లారేసరికి కోట పడిపోయింది. పట్టుబడ్డవాళ్లు సుమారు 3,000 మంది, పట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువ! సాయం తెచ్చిన ఫ్రెంచి ఓడలు కొద్ది రోజులు ఆలస్యంగా వచ్చాయి.

నా ఉద్దేశంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. సముద్రం ఎవరిదో యుద్ధం వాళ్లదే. ఓడల్లేని రోమ్ తొలి యుద్ధంలో 100 పెద్ద యుద్ధనౌకలు, 20 చిన్నవి కట్టుకుని కార్తేజ్‌ను సముద్రం మీదే దెబ్బతీసింది. తర్వాత కార్తేజ్ సేనాని హానిబాల్ 37 ఏనుగులతో ఆల్ప్స్ దాటినా, చివరికి క్రీ.పూ. 201లో కార్తేజ్ 50 ఏళ్లపాటు మొత్తం 10,000 టాలెంట్ల వెండి కట్టడానికి ఒప్పుకుంది. కార్తేజ్‌కు మిగిల్చిన యుద్ధనౌకలు 10. క్రీ.పూ. 146లో ఆ నగరమే నేలమట్టమైంది.

ఫ్రెంచివారి ఓటమి అంతదాకా పోలేదు. 1763 పారిస్ సంధి యానాం వంటి వ్యాపార స్థావరాలను తిరిగిచ్చింది, సర్కార్లను మాత్రం ఇవ్వలేదు. గోదావరి నడుమ ఆ గీత అలా మిగిలింది. 1766లో నిజాంతో ఒప్పందం కుదిరి అవి ఇంగ్లీషు కంపెనీ పాలయ్యాయి. ఎవరు గెలిచినా శిస్తు కట్టింది మాత్రం మన రైతే. రెండు వైపులా తుపాకీ పట్టినవాళ్లలో ఎక్కువమంది ఈ దేశపు సిపాయిలే. వాళ్ల పేర్లు ఏ సంధిపత్రంలోనూ లేవు.

యానాం 1954 నవంబరు 1న భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. చట్టపరంగా కలిసింది 1962 ఆగస్టు 16న. ఈసారి పిల్లల్ని యానాం తీసుకెళ్తే, తిరుగుదారిలో బెండమూర్లంక కూడా చూపించండి.