పతంగుల పండగ, పక్షుల గండం

జనవరి 14న సూరత్‌లో ఎవరూ ఇంట్లో దొరకరు, అంతా డాబాల మీదే. ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో సాంచాలను (మరమగ్గాలను) నమ్ముకుని స్థిరపడ్డ తెలంగాణ నేత కుటుంబాలకూ ఇక్కడ సంక్రాంతి అంటే ఉత్తరాయణ్. మరునాడు ‘వాసీ ఉత్తరాయణ్’. రెండు రోజులూ పతంగుల పోటీలే.

పోటీలో గెలిపించేది మాంజా. నూలు దారానికి జిగురు, రంగు, గాజుపొడి కలిపి పట్టిస్తారు. ఎదుటి దారాన్ని కోసే ఆ పదునే పక్షి రెక్కనూ కోస్తుంది. చిక్కుకున్న పక్షి కొట్టుకునేకొద్దీ దారం కండలోకి దిగుతుంది. నరం తెగితే, గాయం మానినా ఆ రెక్క మళ్లీ ఎగరలేకపోవచ్చు. పక్షులు మేతకు బయల్దేరే పొద్దున, గూటికి చేరే సాయంత్రం ప్రమాదం మరీ ఎక్కువ. పండగ అయిపోయినా చెట్లకు, కరెంటు తీగలకు వేలాడే దారం ఉరితాడే. చైనా మాంజాగా పిలిచే నైలాన్ దారమైతే కుళ్లదు కూడా. అందుకే సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది.

ఒక పావురం పోతే పావురాల సంఖ్యకు వచ్చే లోటు లేదు, అవి ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెడతాయి. రాబందు సంగతి వేరు. పెద్దదవడానికే అయిదేళ్లు పడుతుంది, ఆపైన ఏడాదికి ఒక్క గుడ్డు. గుజరాత్‌లో మాంజాకు రాబందులూ బలయ్యాయి.

అసలు దెబ్బ అంతకుముందే తగిలింది. పశువులకు నొప్పి తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసింది. 1992-2007 మధ్య దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఈలోగా కళేబరాలు కుళ్లాయి, నీళ్లు చెడ్డాయి, వీధికుక్కలు పెరిగాయి. రాబందులు లేకపోవడం వల్ల 2000-2005 మధ్య సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వచ్చిన పరిశోధన అంచనా వేసింది.

తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్టల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడినప్పుడు అటవీశాఖ కాపలా పెట్టింది అందుకే.

గుజరాత్ ప్రభుత్వం ఏటా ఉత్తరాయణ్‌కు ‘కరుణా అభియాన్’ నడుపుతోంది. దారం చుట్టుకున్న పక్షి కనిపిస్తే లాగొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. పక్షికి ఇవతల దారం కత్తిరించి, గాలాడే అట్టపెట్టెలో ఉంచి 1962కు ఫోన్ చేయాలి. డాబా మీద మిగిలిన దారాన్ని ఆ సాయంత్రమే ఏరి చుట్టేయాలి.