ఫోన్ మోగని రోజుల్లో చేయాల్సిన పనులు

పోయిన ఎపిసోడ్ విన్నాక ఇక్కడే హారిస్‌డేల్‌లో రూమ్ తీసుకుని ఉంటున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఫిట్టర్, 482 వీసా. ప్రాజెక్ట్ అయిపోయిందని కంపెనీ మానిపించి ఏడు వారాలైంది. "అన్నా, నలభై చోట్ల అప్లై చేసిన. ఒక్కడూ పిలవలేదు. అరవై రోజుల్లో స్పాన్సర్ దొరక్కపోతే వెళ్ళిపోవాలంట కదా. ఒకాయన డబ్బిస్తే స్పాన్సర్ చేయిస్తానంటున్నాడు, ఇచ్చెయ్యనా?" అన్నాడు.

ఇదే పరిస్థితిలో ఇంకా చాలామంది ఉంటారు. అందుకే ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, అరవై రోజులన్నది పాత మాట. 2024 జూలై 1 నుంచి ఒక్కసారికి 180 రోజులు, వీసా మొత్తం కాలంలో కలిపి 365 రోజుల వరకు టైమ్ ఉంది. ఆ రోజుల్లో వేరే కంపెనీలో, వేరే పనిలో కూడా చేయొచ్చు. కానీ హెల్పర్ పని దొరికిందని ఆ లెక్క ఆగదు. గడువులోగా కొత్త స్పాన్సర్ నామినేషన్ అప్రూవ్ కావాలి, లేదా వేరే వీసా చూసుకోవాలి. మీ వీసా లెటర్‌లో కండిషన్లు చదవండి. అర్థం కాకపోతే రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌ని అడగండి, రూమ్మేట్‌ని కాదు.

రెండోది, స్పాన్సర్‌షిప్ కోసం డబ్బు అడగడం 2015 డిసెంబర్ నుంచి ఇక్కడ చట్టవిరుద్ధం. ఇవ్వడం కూడా తప్పే. ఇచ్చినవాడి వీసాకే ఎసరు రావచ్చు.

ఇక నలభై అప్లికేషన్ల సంగతి. మనం గల్ఫ్‌కి ఎట్లా పోయాం? ఏజెంట్‌కి పాస్‌పోర్ట్ ఇచ్చాం, హైదరాబాద్‌లో ట్రేడ్ టెస్ట్ ఇచ్చాం, పాసైతే రెండేళ్ళ కాంట్రాక్ట్. చేతిలో పనుంటే చాలు. ఇక్కడ మన చేతిపని చూసేవాడు చివర్లో గానీ రాడు. ముందు కాగితం చూస్తారు, తర్వాత మన గురించి ఇంకొకరిని అడుగుతారు.

నేనిప్పుడు మనుషుల్ని తీసుకునే వైపున ఉన్నా కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. లేబర్ హైర్ వాళ్ళు పేర్లు పంపితే రెజ్యూమె మొత్తం చదివే తీరిక నాకుండదు. మూడే చూస్తా. వైట్ కార్డ్, ఎత్తులో పని, కన్ఫైన్డ్ స్పేస్ లాంటి టికెట్లు ఉన్నాయా? చివరి సైట్‌లో ఏం చేశాడు? ఫోన్ ఎత్తే రెఫరీ ఉన్నాడా? గల్ఫ్ సేఫ్టీ కార్డులు ఇక్కడ చెల్లవు. వైట్ కార్డ్ లేకుంటే సైట్‌లో అడుగు పెట్టనివ్వరు. అది ఒక్కరోజు కోర్సే.

రెజ్యూమె రెండు పేజీలు చాలు. ఫోటో, తండ్రి పేరు, మతం, పెళ్ళి వివరాలు తీసేయండి. టికెట్లు పైన పెట్టండి. "మెయింటెనెన్స్ చేశాను" అంటే నాకు ఏమీ తెలియదు. "పంపులు విప్పి బేరింగులు మార్చాను, అలైన్‌మెంట్ చేశాను" అంటే తెలుస్తుంది. పాత సూపర్‌వైజర్‌కి ముందే ఫోన్ చేసి, రెఫరీగా నంబర్ ఇవ్వచ్చా అని అడగండి. అప్లై చేసిన రెండ్రోజులకు మీరే ఫోన్ చేయండి. అది బతిమాలడం కాదు, ఇక్కడ మామూలే.

నేను గల్ఫ్‌లో ఫోర్‌మన్‌గా చేసి వచ్చి, ఇక్కడ మొదటి పని ట్రేడ్స్ అసిస్టెంట్‌గా చేశా. నాకంటే పదేళ్ళ చిన్నవాడికి స్పానర్లు అందించా. ఇంట్లో అడిగితే సూపర్‌వైజర్‌నే అని అబద్ధం చెప్పా. కానీ ఆ మూడు వారాల షట్‌డౌన్ అయ్యాక ఆ చిన్నవాడే నాకు రెఫరీ అయ్యాడు. చిన్న పని ఒప్పుకోండి, తక్కువ జీతం మాత్రం ఒప్పుకోవద్దు. క్యాజువల్‌గా తీసుకుంటే సాధారణంగా 25 శాతం అదనం కలవాలి. ఏబీఎన్ తీసుకో, క్యాష్ ఇస్తా అంటే జాగ్రత్త. జీతం గొడవలకు ఫెయిర్ వర్క్ నంబర్ 13 13 94. ఇంగ్లీష్ ఇబ్బందైతే ముందు 131 450కి చేసి తెలుగు అని చెప్పండి, అనువాదకుణ్ణి కలుపుతారు.

ఆ తమ్ముడికి ఇంకా 131 రోజులున్నాయి. డబ్బు ఇవ్వలేదు. మొన్న మళ్ళీ ఫోన్ చేసి, పాత లీడింగ్ హ్యాండ్ రెఫరీగా ఉంటానన్నాడని చెప్పాడు. పని ఇంకా దొరకలేదు. కానీ "నా పనిలో లోపముందా అన్నా" అని ఈసారి అడగలేదు.