ఆ ఆటలో ఆడపాము లేదు!

రెండు పొడవాటి పాములు పెనవేసుకుని, సగం దాకా పైకి లేచి ఊగుతుంటే క్షణాల్లో జనం పోగవుతారు. 'ఆడా మగా సయ్యాట' అంటూ కొందరు దండం పెడతారు. కొత్తబట్ట కప్పితే కలిసొస్తుందని ఇంకొందరు తువ్వాలు విసురుతారు. ఇక సెల్‌ఫోన్ల సంగతి సరేసరి! హైదరాబాద్ పాతబస్తీలో మీరాలం చెరువు పక్కనైనా, పల్లెలో పొలం గట్టునైనా ఇదే తంతు. కానీ అక్కడ సాధారణంగా జరిగేది ప్రణయం కాదు, కుస్తీ. ఆ రెండూ మగవే!

జత కట్టే కాలంలో ఆడపాము కోసం మగ జెర్రిపోతులు ఇలా తలపడతాయి. కాటు వేసుకోవు. ఎదుటిదాని తలను నేలకు వంచడమే పందెం. ఓడింది తప్పుకుంటుంది... అంతే!

'పోతు' అయితే మగదేనా?

దున్నపోతు, మేకపోతు... 'పోతు' అంటే మగదే. అందుకేనేమో, జెర్రిపోతు మగదనీ, నాగుపాము దాని జంట అనీ చాలామంది నమ్ముతారు. నిజానికి అవి రెండు వేర్వేరు జాతులు. నాగుపాముల్లో ఆడా మగా ఉంటాయి. రెండింటికీ పడగా విషమూ ఉంటాయి. జెర్రిపోతుల్లోనూ ఆడవి ఉంటాయి, గుడ్లు పెడతాయి. వాటిలో దేనివల్లా మనకు విషభయం లేదు. అయినా 'ఇది కనిపిస్తే దగ్గర్లో నాగుపాము ఉన్నట్టే' అంటూ ఎలుకల్ని తినిపెట్టే జెర్రిపోతుని కొట్టి చంపేస్తుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

గుట్టు తోకలో...

మరి ఆడా మగా తేడా ఎలా తెలుస్తుంది? పాము రంగో, పడగ మీది గుర్తో చూసి చెప్పలేం. మగపాము జననాంగాలు తోక మొదట్లో, లోపల దాగి ఉంటాయి. అందుకే సాధారణంగా దాని తోక కాస్త పొడవుగా, మొదట్లో లావుగా ఉంటుంది. ఆడపాము తోక విసర్జక రంధ్రం దాటగానే సన్నబడిపోతుంది. ఖాయంగా తేల్చాలంటే నిపుణులు మొన లేని సన్నటి కడ్డీతో లోతు చూస్తారు. మగదానిలో అది ఎక్కువ లోపలికి వెళుతుంది. శిక్షణ లేనివాళ్లు చేసే పని కాదిది.

మగవే లేని పాము!

పూలకుండీ మట్టిలో వానపాములా కదిలే గుడ్డిపాముది ఇంకో వింత. ఇందులో అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే గుడ్లు పెట్టి పిల్లల్ని కంటాయి. విశాఖపట్నంలో దొరికిన ఈ పాము గురించి ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అక్కడ దాని పేరు అచ్చ తెలుగే... రెండు తలల పాము!

దూరమే మందు

మనదేశంలో 2000 నుంచి 2019 వరకూ పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా. కాబట్టి పాము కనిపిస్తే ఆడదా మగదా అని దగ్గరికెళ్లొద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి అటవీశాఖకో, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ చేయాలి. కాటు పడితే మంత్రాలూ కట్లూ వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాముల్ని చూడాలన్న సరదా ఉంటే బహదూర్‌పురాలో 1963లో మొదలైన నెహ్రూ జూపార్కు ఉండనే ఉంది. అక్కడైతే మధ్యలో అద్దం ఉంటుంది!